తాతయ్య పథ్యం – పెట్టెలోని తీపి అటుకులు



మిరప కోతల కాలంలో గుంటూరు, ప్రకాశం పల్లెలకు వెళితే ఎటు చూసినా ఎరుపే కనిపిస్తుంది. కల్లాల నిండా ఆరబోసిన మిరపకాయలు. ఇళ్లలో పెద్దవాళ్లు తెల్లవారకముందే పొలాలకు వెళ్లిపోతారు. అలాంటి ఒక ఉదయం ఇంట్లో మీరూ, మీ తాతయ్యా మాత్రమే ఉన్నారనుకోండి. తాతయ్యకు మూత్రపిండాల జబ్బు. డాక్టరుగారు పథ్యం చెప్పారు. మీరు బడికి వెళ్లే తొందరలో పెట్టెలోని తీపి మొక్కజొన్న అటుకులు, అంటే అంగళ్లలో కార్న్‌ఫ్లేక్స్ అని అమ్మేవి, గిన్నెలో పోసుకుని పాలు కలుపుకున్నారు. తాతయ్య చూశాడు.

"అందులో పప్పు లేదు, పచ్చడి లేదు కదా! నాకూ రెండు గుప్పెళ్లు పెట్టు నాన్నా" అన్నాడు.

ఇంతలో పక్కింటి పిన్ని వచ్చింది. "ఆ పెట్టె తిండి ఎందుకు? రాగిజావ కాచి ఇవ్వండి, ఒక కొబ్బరిబోండాం కొట్టించండి. ఒంటికి మంచిది" అంది.

ఇద్దరిలో ఎవరి మాట సరైనది? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మన శరీరంలోని వడపోత యంత్రం సంగతి, అటుకుల పెట్టె సంగతి రెండూ తెలియాలి.

రాత్రీ పగలూ పనిచేసే జల్లెడ

మన నడుముకు పైన, వీపు వైపున, వెన్నెముకకు ఇరుపక్కలా రెండు మూత్రపిండాలు ఉన్నాయి. ఒక్కొక్కటి మన గుప్పిటంత ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు సుమారు 150 గ్రాములు. చిక్కుడుగింజ ఆకారం. చూడడానికి చిన్నదే గాని ఒక్కొక్కదానిలో దాదాపు పది లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టాలు ఉన్నాయి. వాటికి నెఫ్రాన్లు అని పేరు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. ఈ ఉండలను ఇటలీ శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీజీ సూక్ష్మదర్శినితో చూసి 1666లో వర్ణించాడు.

ప్రతి నిమిషమూ ఒక లీటరుకు పైగా రక్తం మూత్రపిండాలకు వస్తుంది. ఒక రోజులో వాటిలో వడగట్టబడే ద్రవం సుమారు 180 లీటర్లు! మరి మనం అంత మూత్రం విడవడం లేదే? విడిచేది ఒకటిన్నర లీటరు, అటూ ఇటూగా. తక్కినదంతా ఏమైంది? నెఫ్రాన్లు దానిని తిరిగి రక్తంలోకి పీల్చుకున్నాయి. ముందు అన్నింటినీ బయటకు పోసి, పనికివచ్చేవాటిని ఏరి లోపలికి తీసుకోవడం, అక్కరలేనివాటిని వదిలేయడం – ఇదీ వాటి పద్ధతి. కల్లంలో మిరపకాయలు కుప్పపోసి, మంచి కాయలను, తాలు కాయలను వేరుచేయడం మీరు చూసే ఉంటారు. అలాంటి పనే ఇదీ.

జబ్బు చేసినప్పుడు ఈ నెఫ్రాన్లు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. మిగిలినవే ఎక్కువ పని చేస్తాయి. అందుకే చాలాకాలం పాటు రోగికి తన జబ్బు సంగతి తెలియదు. తెలిసేసరికి జల్లెడ సగానికి పైగా పాడై ఉంటుంది. అప్పుడు మందులతో పాటు పథ్యం మొదలవుతుంది. జల్లెడ చిన్నదైపోయింది కనుక జల్లించవలసిన సరుకును తగ్గించడమే ఈ పథ్యంలోని రహస్యం.

లెక్క చూడవలసిన మూడు ఖనిజాలు

ఈ పథ్యంలో ముఖ్యంగా మూడు ఖనిజాలను గమనించాలి.

మొదటిది సోడియం. ఇది ఉప్పులో ఉంది. ఉప్పు బరువులో దాదాపు నూటికి 40 వంతులు సోడియమే. మూత్రపిండాలు బలహీనమైతే సోడియం శరీరంలో నిలిచిపోతుంది. తనతో పాటు నీటినీ నిలుపుతుంది. కాళ్లు వాస్తాయి, రక్తపోటు పెరుగుతుంది.

రెండవది పొటాషియం. పత్తికట్టె పొయ్యిలో కాల్చాక మిగిలే బూడిదలో పొటాషియం లవణాలు ఉంటాయి. కట్టెల బూడిద నుంచి తీసే ఒక లవణం పేరు పొటాష్. ఆ మాట నుంచే ఈ మూలకానికి పేరు వచ్చింది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ దీనిని 1807లో విద్యుత్తు సహాయంతో వేరుచేశాడు. మొక్కలన్నిటిలోనూ పొటాషియం ఉంటుంది. కండరాలు కదలడానికి, గుండె కొట్టుకోవడానికి అది కావాలి. కాని రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ల మధ్యే ఉండాలి. హద్దుమీరి పెరిగితే గుండె లయ తప్పుతుంది. హఠాత్తుగా ఆగిపోనూవచ్చు. అందుకే మూడింటిలో తొందరగా ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

మూడవది భాస్వరం. దీని కథ విచిత్రమైనది. 1669లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే అతను బంగారం చేయాలన్న ఆశతో మూత్రాన్ని మరిగించి, మరిగించి, చివరకు చీకట్లో వెలిగే ఒక పదార్థాన్ని సంపాదించాడు. అదే భాస్వరం! చూశారా, మూత్రపిండాలు బయటకు తోసేసిన దానిలోనే అతనికి అది దొరికింది. అలా తోసేయలేని రోగి రక్తంలో భాస్వరం పేరుకుపోతుంది. అప్పుడు ఎముకలు బలహీనపడతాయి, ఒళ్లు దురద పెడుతుంది, రక్తనాళాలు గట్టిపడతాయి.

రోగుల కోసం పుట్టిన తిండి

ఇప్పుడు పెట్టె సంగతి చూద్దాం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో బాటిల్ క్రీక్ అనే ఊరు ఉంది. అక్కడి ఆరోగ్యశాలకు పెద్ద డాక్టరు జాన్ హార్వీ కెల్లాగ్. ఆయన, ఆయన తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ కలిసి రోగులకు తేలికగా అరిగే తిండి కోసం ప్రయత్నాలు చేశారు. 1894లో ఉడికించిన గోధుమలను రోలర్ల మధ్య నొక్కితే పలచని అటుకులు వచ్చాయి. తరువాత మొక్కజొన్నతోనూ చేశారు. తమ్ముడు 1906లో సొంత కంపెనీ పెట్టాడు. అటుకులలో చక్కెర కలపడం అన్నగారికి ఇష్టం లేదు. తమ్ముడు కలిపాడు. 1950 ప్రాంతాలకు అటుకుల మీద చక్కెర పూత పూసి పిల్లల కోసం అమ్మడం మొదలైంది. అంటే రోగుల పథ్యంగా పుట్టిన తిండి చివరకు మిఠాయికి చుట్టమైంది!

మన అటుకులకూ వీటికీ తేడా ఏమిటి? మన అటుకులు వడ్లను నానబెట్టి, వేయించి, దంచి చేస్తారు. మొక్కజొన్న అటుకులకు ముందు గింజ పైపొరను, మొలక భాగాన్ని తీసేస్తారు. మిగిలిన బరకను ఉప్పు, చక్కెర, మాల్ట్ కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆరబెట్టి, రోలర్ల మధ్య నొక్కి, వేడిగాలిలో వేయిస్తారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. గింజలోని పొటాషియం, భాస్వరం చాలావరకు పైపొరలోనూ మొలకలోనూ ఉంటాయి. ఆ రెండూ తీసేశారు కదా! అందువల్ల మామూలు మనిషికి లోపంగా కనిపించేది మూత్రపిండాల రోగికి కొంత అనుకూలం అవుతుంది. పొట్టు తీయని గింజ అందరికీ మంచిదనే మాట నిజమే. కాని జల్లెడ చిన్నదైపోయిన మనిషికి దాని లెక్క వేరు.

గిన్నెలో లెక్క

ఇక లెక్క వేద్దాం. తీపి లేని మొక్కజొన్న అటుకులు 30 గ్రాములు తీసుకుంటే అందులో పొటాషియం సాధారణంగా 50 మి.గ్రా. మించదు. భాస్వరం అంతకన్నా తక్కువే. సోడియం మాత్రం సుమారు 150 నుంచి 200 మి.గ్రా. దాకా ఉంటుంది. పెట్టెను బట్టి ఈ అంకెలు మారతాయి.

సోడియంను 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 200 మి.గ్రా. సోడియం అంటే అర గ్రాము ఉప్పు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 గ్రాములంటే దాదాపు ఒక చిన్న చెంచా. అందులో పదోవంతు తీపి తిండిలోనే దాగి ఉంది! ఆవకాయలో ఉప్పు ఉందని నాలుకే చెబుతుంది. తీపి అటుకులలో ఉన్న ఉప్పును చక్కెర కప్పేస్తుంది.

చక్కెర పూత ఉన్నవాటిలో బరువులో మూడోవంతుకు పైగా చక్కెరే ఉండవచ్చు. అంటే 30 గ్రాములలో సుమారు 10, 11 గ్రాములు. రెండు చిన్న చెంచాలకు పైనే అన్నమాట. పైగా 30 గ్రాములంటే ఎంతో మీరు ఎప్పుడైనా తూచి చూశారా? మన గిన్నె నిండేసరికి అది రెండింతలు కావచ్చు.

ఇప్పుడు పాలు పోయండి. ఒక గ్లాసు ఆవుపాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, పొటాషియం సుమారు 300 మి.గ్రా., భాస్వరం సుమారు 180 మి.గ్రా. ఉంటాయి. గేదెపాలైతే ఇంకా కాస్త ఎక్కువ. ఆశ్చర్యంగా లేదూ? మనం అటుకుల గురించి వాదించుకుంటున్నాం గాని, ఆ గిన్నెలో పొటాషియం, భాస్వరం చాలావరకు వచ్చేది పాల నుంచే. పాలు మీకు మంచివి. ఎదిగే ఎముకలకు కావాలి. తాతయ్యకు మాత్రం కొలిచి పోయాలి.

పిన్ని మాట సంగతి

రాగులు మంచి ధాన్యమే. 30 గ్రాముల రాగిపిండిలో పొటాషియం సుమారు 130 మి.గ్రా., భాస్వరం 60 మి.గ్రా.కు పైగా ఉంటాయి. మొక్కజొన్న అటుకులకన్నా ఎక్కువే గాని భయపడవలసినంత కాదు. పైగా గింజలలోని భాస్వరం ఫైటేట్ అనే రూపంలో ఉంటుంది. దానిని విడగొట్టే ఎంజైము మన పేగుల్లో దాదాపు లేదు. కనుక అందులో కొంత భాగమే ఒంటికి పడుతుంది.

కొబ్బరినీళ్ల సంగతి అలా కాదు. వంద మిల్లీలీటర్లలో సుమారు 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. ఒక బోండాంలో 300 మిల్లీలీటర్ల నీళ్లుంటే ఎంతో మీరే లెక్కకట్టండి. ఎండలో మిరపకాయలు కోసి వచ్చిన మీ అమ్మకు ఆ నీళ్లు అమృతం. పొటాషియం బయటకు పోని తాతయ్యకు అవే నీళ్లు ప్రమాదం. ఒక అరటిపండులోనూ 350 మి.గ్రా. పైన ఉంటుంది. బెల్లం చక్కెరకన్నా మంచిదంటారు కదా! చెరకులోని ఖనిజాలు బెల్లంలో మిగిలి ఉంటాయి. పొటాషియం కూడా వాటితోనే ఉంటుంది. అందువల్ల ఈ రోగికి బెల్లం కూడా లెక్కలోకి వస్తుంది.

మంచి మనసుతో చెప్పిన సలహా అయినా మనిషిని బట్టి మారాలి. పిన్ని చెప్పింది అబద్ధం కాదు. అది తాతయ్యకు సరిపడే నిజం కాదు, అంతే.

పెట్టె చదవడం ఎలా?

పెట్టె ముందు వైపున పులి బొమ్మో, కోడిపుంజు బొమ్మో ఉంటుంది. మీరు వెనక్కి తిప్పండి.

అక్కడ పదార్థాల పేర్లు బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందుగా, వరుసలో రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలోనే చక్కెర ఉంటే అది తీపి తిండే. తేనె, మాల్ట్, గ్లూకోజ్ సిరప్ కూడా తీపి కుటుంబమే. పోషకాల పట్టికలో చక్కెర, సోడియం ఎంతో ఉంటాయి. అవి 100 గ్రాములకు చెప్పారా, ఒక గిన్నెకు చెప్పారా చూసుకోండి. పొటాషియం, భాస్వరం అంకెలు చాలా పెట్టెల మీద కనిపించవు. అప్పుడు పదార్థాల పేర్లలో ఫాస్ఫేట్ అనే మాట వెతకండి. కొన్నిసార్లు 339, 340, 341, 450, 451, 452 అనే సంఖ్యలు వేస్తారు. ఇవన్నీ ఫాస్ఫేట్లే. గింజలోని భాస్వరంలా కాక ఇలా కలిపిన భాస్వరం చాలావరకు రక్తంలోకి చేరిపోతుంది.

తవుడు అటుకులలోనూ, చాక్లెట్ రుచివాటిలోనూ, ఎండుద్రాక్ష, బాదం కలిపినవాటిలోనూ పొటాషియం, భాస్వరం ఎక్కువ. మరో హెచ్చరిక కూడా ఉంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలో సోడియంకు బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. డాక్టరును అడగకుండా మూత్రపిండాల రోగికి దానిని వాడకూడదు.

మన నేల, మన నీరు

మన ప్రాంతం వారికి ఈ పాఠం ఇంకా ముఖ్యం. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. ఆ ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బు గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1937లో అక్కడి నుంచే లోకానికి తెలియజేశారు. మనం మింగిన ఫ్లోరైడులో పెద్ద భాగాన్ని బయటకు పంపేది మూత్రపిండాలే. అవి బలహీనమైతే ఫ్లోరైడు ఒంట్లో మరింత నిలుస్తుంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడు పోదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో కుటుంబాలను పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఏమిటో శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. కాని లోకమంతటా ఎక్కువమంది మూత్రపిండాలను పాడుచేసేవి రెండే: చక్కెర వ్యాధి, అధిక రక్తపోటు. పొలంపని చేసి ఒళ్లు నొప్పులని రోజూ నొప్పి బిళ్లలు మింగడం వల్ల కూడా హాని జరుగుతుంది.

జల్లెడ పూర్తిగా పనిచేయకపోతే కృత్రిమ మూత్రపిండం కావాలి. నెదర్లాండ్స్ దేశపు డాక్టరు విలెం కోల్ఫ్ 1943లో, యుద్ధకాలంలో, సెల్లోఫేన్ గొట్టాలను ఒక డ్రమ్ము చుట్టూ చుట్టి మొదటిసారి అలాంటి యంత్రాన్ని మనుషులకు వాడాడు. దాని వారసులే నేటి డయాలిసిస్ యంత్రాలు. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అంటే వారంలోని 168 గంటలలో 12 గంటలే శుభ్రత. తక్కిన 156 గంటలూ పథ్యమే కాపాడాలి.

మరి తాతయ్యకు పెట్టవచ్చునా?

తాతయ్యకు చక్కెర వ్యాధి ఉంటే తీపి పెట్టె పక్కన పెట్టండి. ఆ చక్కెర త్వరగా రక్తంలో కలిసి, మిగిలిన నెఫ్రాన్లకే హాని చేస్తుంది. చక్కెర వ్యాధి లేకపోతే చక్కెర విషమేమీ కాదు. అందులో పొటాషియం, భాస్వరం దాదాపు లేవు. పథ్యంతో చిక్కిపోయే రోగికి కొంత శక్తినీ ఇస్తుంది. ఎప్పుడైనా ఒక చిన్న గిన్నె తిన్నందువల్ల కొంప మునగదు. అయినా తీపి లేని, ఉప్పు తక్కువ ఉన్న మొక్కజొన్న అటుకులో, బియ్యపు అటుకులో, మరమరాలో మేలు. పాలు అర గ్లాసుకు మించకుండా కొలిచి పోయాలి. ఉప్పు తగ్గించి చేసిన ఇడ్లీ, రవ్వ ఉప్మా కూడా ఉండనే ఉన్నాయి. పక్కన పచ్చడి మాత్రం వద్దు.

ఇదంతా తెలిసినా తీర్పు మీరు చెప్పకండి. డయాలిసిస్ మొదలుకాని వారికి మాంసకృత్తులు తగ్గిస్తారు, మొదలైనవారికి పెంచుతారు. ఒకరి పథ్యం మరొకరికి పనికిరాదు. కనుక ఆ పెట్టె తీసుకుని తాతయ్యతో పాటు డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. ఆయన రక్తపరీక్ష కాగితం చూస్తారు. మీరు పెట్టె వెనుక భాగం చదివి వినిపించండి. ఇంట్లో ఆ సన్నని అక్షరాలు చదవగలిగే కళ్లు మీవే కదా!

మీరే చేసి చూడండి

1. రోజూ మీరు తినే గిన్నెలో అటుకులు పోసి, కిరాణా కొట్టులో తూయించండి. 30 గ్రాములకు ఎన్ని రెట్లు ఉన్నాయి? అందులో ఎన్ని చెంచాల చక్కెర ఉందో పెట్టె చూసి లెక్కకట్టండి.

2. రెండు గ్లాసుల నీళ్లలో చిటికెడు చొప్పున ఉప్పు సమానంగా వేయండి. ఒకదానిలో రెండు చెంచాల చక్కెర కూడా కలపండి. రెండూ ఒక్కొక్క చుక్క నాలుకపై వేసుకోండి. ఉప్పు ఎందులో ఎక్కువగా తెలిసింది? రెండింటిలోనూ ఉప్పు సమానమే అని మీకు తెలుసు. మరి నాలుకను ఎంతవరకు నమ్మవచ్చు?